స్కూల్ బస్సు స్టీరింగ్ పట్టాలంటే..

పుల్లలచెరువు, యర్రగొండపాలెం వైపు చదువుకుంటూ సొంతూరి దగ్గర్లోనే ఉద్యోగం కావాలనుకునేవాళ్లు చాలామందే. ‘హెవీ లైసెన్స్ తీస్తే స్కూల్ బస్సు ఎక్కేయొచ్చుగా’ అనే మాట తరచూ వింటుంటాం. ఎక్కొచ్చు. కాకపోతే లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే కాదు.

లైసెన్స్ ఇలా..

* 18 ఏళ్లు నిండితే కారు (ఎల్‌ఎంవీ) లైసెన్స్. ముందు ఎల్‌ఎల్‌ఆర్, 30 రోజుల తర్వాత టెస్ట్. దరఖాస్తు ‘సారథి’ పోర్టల్‌లో.
* విద్యాసంస్థ బస్సు చట్టప్రకారం రవాణా వాహనం. దానికి వయసు 20 నిండాలి, ఎల్‌ఎంవీ లైసెన్స్ తీసుకుని ఏడాది దాటాలి.
* గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ (ఫారం 5), డాక్టర్ ఇచ్చే ఫారం 1ఎ తప్పనిసరి.
* 8వ తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు. అదే ఏడాది చట్ట సవరణతో రవాణా లైసెన్స్ గడువు 3 నుంచి 5 ఏళ్లకు పెరిగింది.

శిక్షణ ఎంత?

రవాణా వాహనాలకు కనీసం 30 రోజులు, అందులో 15 గంటలు స్టీరింగ్ మీద ఉండాలి. ‘బండి ముట్టకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అనే ఏజెంట్ల మాట నమ్మొద్దు. డబ్బు పోతుంది, పని రాదు. ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. మార్కాపురం డిపోకెళ్లి దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి.

అసలు మెలిక

స్కూల్ బస్సు డ్రైవర్‌కు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం 5 ఏళ్లు ఉండాలని సుప్రీంకోర్టు 1997లో ఢిల్లీ కేసులో చెప్పింది. అతివేగం, మద్యం, ప్రమాదకర డ్రైవింగ్ కింద ఒక్క చలానా పడినా పనికిరారు. అంటే 20 ఏళ్లకు హెవీ తీసినా, లారీయో బస్సో నడిపి పాతికేళ్లకు గానీ అర్హత రాదు. ఈలోగా డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లో స్కూల్ బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఒక్క డ్రైవర్ చేతిలో అన్ని ఇళ్ల పిల్లలుంటారు.

ఎప్పుడు అడగాలి?

మన రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేలోపు బస్సులు సిద్ధం చేస్తారు. అదే అదను. జీతంతో పాటు వేసవి సెలవుల్లో ఇస్తారా, పీఎఫ్ ఉందా అన్నది చేరకముందే అడిగేయండి. లైసెన్స్ కాపీ, అనుభవ పత్రం, మెడికల్ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.