నిజమైన క్లయింట్ కోసం స్టూడెంట్ ప్రాజెక్ట్ చేస్తే ఏం మారుతుంది? చివ్వెంల వడ్ల సెంటర్ ఉదాహరణతో

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్ట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. లేదంటే సోర్స్ కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ కలిపి అమీర్‌పేటలో ప్యాకేజీగా దొరికే ఏదో ఒక మెషిన్ లెర్నింగ్ టైటిల్. వైవా రోజు ల్యాప్‌టాప్‌లో రన్ అయితే చాలు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఓపెన్ చెయ్యరు. అది ఆగిపోయినా ఎవరికీ నష్టం లేదు.

అదే ప్రాజెక్ట్ ఒక నిజమైన క్లయింట్ కోసం చేస్తే? అప్పుడు అది ఆగిపోతే నష్టపోయే మనిషి ఒకరుంటారు. ఈ ఒక్క తేడాతో టీం పని చేసే పద్ధతి ఎంత మారుతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణకి మా వైపు, సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలో మహిళా సంఘం నడిపే ఒక వడ్ల కొనుగోలు సెంటర్‌ని మన క్లయింట్ అనుకుందాం. ప్రాజెక్ట్ ఊహించిందే. సెంటర్‌లో జరిగే పని మాత్రం సీజన్ వస్తే మా ఊళ్లలో అందరూ చూసేదే.

ఎవరు ఇలా చేయిస్తున్నారు?

ఇది కొత్త ఐడియా కాదు. అమెరికాలో స్పైరల్ మోడల్‌తో మనందరికీ సిలబస్‌లో పరిచయమైన బ్యారీ బోమ్, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో 1990ల నుంచే స్టూడెంట్ టీంలతో నిజమైన క్లయింట్లకి ప్రాజెక్టులు చేయించాడు. మొదట్లో క్లయింట్ యూనివర్సిటీ లైబ్రరీయే. ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ హట్ అనే పద్ధతి ఉంది. ఒకే క్లయింట్ పనిని కొన్ని టీంలు పోటీపడి చేస్తాయి. మన దగ్గర ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ బీటెక్‌లో డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ అనే కోర్సులో కూడా స్టూడెంట్స్ టీంలుగా బయటి క్లయింట్లకి పని చేస్తారు.

2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ కూడా ఇలాంటిదే కదా అంటారేమో. అక్కడ మంత్రిత్వ శాఖలు ఇచ్చే సమస్యలు నిజమైనవే. ఆరుగురి టీం, ఫైనల్లో 36 గంటల కోడింగ్, మంచి అనుభవం. కానీ 36 గంటల్లో ప్రోటోటైప్ మాత్రమే తయారవుతుంది. దాన్ని రోజూ వాడే మనిషి పక్కన కూర్చుని చూసే టైం ఉండదు. అసలు పాఠం ఉండేది అక్కడే.

సీరియల్ అంటే క్యూ కాదు

సెంటర్‌కి వెళ్లి "అక్కా, మీకు ఏ ఇబ్బంది ఎక్కువ?" అని అడిగితే మొదట వినపడే మాట సీరియల్. రైతు వడ్లు తెచ్చి కుప్ప పోస్తాడు, రిజిస్టర్‌లో పేరు రాయించుకుంటాడు, తన వంతు కోసం చూస్తాడు. "నా వెనకొచ్చినోళ్లది కాంటా అయింది, నాదెందుకు కాలే?" అనే గొడవ అక్కడ మామూలే.

డేటా స్ట్రక్చర్స్ చదివిన మనకి వెంటనే క్యూ గుర్తొస్తుంది. ముందొచ్చినోళ్లు ముందు, ఒక్క రోజులో కోడ్ రెడీ. కానీ ఒక పూట సెంటర్‌లో కూర్చుంటే కథ వేరే. వడ్లు కొనాలంటే తేమ 17 శాతం మించకూడదు. మొదట వచ్చిన కుప్ప ఇంకా ఆరకపోతే, తర్వాత వచ్చి ఆరినది ముందు కాంటాకి వెళ్తుంది. ఆరిన కుప్ప మీద రాత్రి వాన పడితే మళ్లీ ఆరబెట్టాలి. తేమ సరిపోయినా గోనె సంచులు రావాలి, హమాలీలు ఉండాలి. కాంటా అయినా లారీ రాకపోతే బస్తాలు అక్కడే ఉంటాయి.

అంటే ఇక్కడ ప్రతి కుప్పకి ఒక స్థితి ఉంటుంది: వచ్చింది, ఆరుతోంది, తేమ ఓకే, సంచులు ఇచ్చారు, కాంటా అయింది, లారీ ఎక్కింది. వాన పడితే 'తేమ ఓకే' నుంచి మళ్లీ 'ఆరుతోంది'కి వస్తుంది. సిలబస్‌లో స్టేట్ డయాగ్రమ్ అని గీసేది ఇదే. ప్రతి మార్పు పక్కన తేదీ, టైం, తేమ రీడింగ్ పడితే చాలు, "నాదెందుకు కాలే?" అన్న రైతుకి అక్క ఫోన్ చూపించి జవాబు చెప్పగలదు. రైతుకి కావాల్సింది కూడా ఆ జవాబే.

ఇంకో విషయం. కొనుగోలు అధికారిక ఎంట్రీకి పౌరసరఫరాల శాఖ ఆన్‌లైన్ సిస్టమ్ ఇప్పటికే ఉంది. రైతు డబ్బులు దాని ద్వారానే నడుస్తాయి. మన టీం దాన్ని మళ్లీ కట్టకూడదు. ఆధార్, బ్యాంక్ అకౌంట్ నంబర్లు అసలు అడగొద్దు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, మనకి అవసరం లేని డేటా మన దగ్గర ఉండటమే రిస్క్. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబర్, కుప్ప స్థితి, అంతే.

టెస్టింగ్ ఏ ఫోన్‌లో చేస్తున్నారు?

మన టీం డెమో ఇచ్చేది ఏసీ ల్యాబ్‌లో, 8 జీబీ ర్యామ్ ఫోన్‌లో. సెంటర్‌లో ఉండేది 2 లేదా 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ అయ్యుండొచ్చు. స్టోరేజ్ వాట్సాప్ ఫోటోలతో నిండి ఉంటుంది. పైగా ఏప్రిల్ ఎండ, దుమ్ము. అందుకని:

• డార్క్ థీమ్ ఎండలో కనపడదు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, పెద్ద నల్ల అక్షరాలు, బొటనవేలికి అందే పెద్ద బటన్లు పెట్టండి.
• సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు. ఎంట్రీ ముందు ఫోన్‌లోని ఎస్‌క్యూలైట్‌లో సేవ్ అవ్వాలి, నెట్ వచ్చాక సర్వర్‌కి వెళ్లాలి.
• రెండు ఫోన్లలో ఒకే కుప్పని మారిస్తే ఏది కరెక్ట్ అనే గొడవ వస్తుంది. స్టూడెంట్ టీంకి తేలికైన దారి, ఒక్క ఫోన్‌లోనే మార్చనివ్వడం. మిగతావి చూడటానికి మాత్రమే.
• తెలుగులో పేరు టైప్ చెయ్యడం చాలామందికి లేటవుతుంది. ఫోన్ నంబర్ చివరి నాలుగు అంకెలతో వెతికే సౌకర్యం ఇవ్వండి.
• రైతులకి ఎస్ఎంఎస్ పంపిద్దాం అనుకుంటే ముందే కనుక్కోండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపే సంస్థ, హెడర్, మెసేజ్ టెంప్లేట్ అన్నీ డీఎల్‌టీలో రిజిస్టర్ అవ్వాలి. అది స్టూడెంట్స్ చేతిలో ఉన్న పని కాదు. సాయంత్రం లిస్టుని పీడీఎఫ్ చేసి ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెడితే పని అయిపోతుంది.

క్యాలెండర్ కాలేజీది కాదు

యాసంగి వడ్లు ఏప్రిల్‌లో సెంటర్లకి రావడం మొదలవుతుంది. మన ఫైనల్ సబ్మిషన్ మే, జూన్‌లో. కాలేజీ లెక్కలో టైంకే ఇచ్చినట్టు, సెంటర్ లెక్కలో సీజన్ దాటిపోయినట్టు. తర్వాతి అవకాశం మళ్లీ వానాకాలం పంటకి, అంటే అక్టోబర్, నవంబర్‌లో. అప్పటికి టీంలో ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికా వీసా పనిలో ఉంటారు.

అందుకే నేను ఏ జూనియర్ టీంకైనా చెప్పే మాట ఒకటే: ఫిబ్రవరి చివరికి కుప్ప లిస్టు, స్థితి మార్చడం, ఈ రెండే పని చేసే యాప్ ఆ అక్క చేతిలో పెట్టండి. లాగిన్ పేజీ, గ్రాఫులు, డాష్‌బోర్డు తర్వాత. చేతిలో పెడితే తప్ప తనకి ఏం కావాలో క్లయింట్‌కి కూడా తెలియదు. కంపెనీలో నేను చేసే పనిలోనూ ఇంతే. మీటింగ్‌లో "ఓకే" అన్న స్క్రీన్‌నే వాడటం మొదలెట్టాక మార్చమంటారు.

సీజన్‌లో మొదటి రెండు వారాలు రిజిస్టర్ ఆపేయమని అస్సలు చెప్పొద్దు. రెండూ నడవాలి. సాయంత్రం రిజిస్టర్‌నీ యాప్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ బగ్స్ అక్కడే బయటపడతాయి. యాప్‌లో ఒక కుప్ప కనపడకుండా పోతే ల్యాబ్‌లో అది ఒక బగ్. సెంటర్‌లో అయితే ఒక రైతు వంతు తప్పింది, ఆ రాత్రి వాన పడితే అతని పంట తడిసింది.

వైవా అయ్యాక యాప్ ఎవరిది?

ఎక్కువ స్టూడెంట్ ప్రాజెక్టులు చచ్చిపోయేది ఇక్కడే. కోడ్ బాగానే ఉంటుంది. కానీ ఫైర్‌బేస్ ఒకరి పర్సనల్ జీమెయిల్‌లో, డొమైన్ ఇంకొకరి కార్డు మీద, పాస్‌వర్డ్ వాట్సాప్ చాట్‌లో ఎక్కడో ఉంటుంది.

ప్లే స్టోర్ సంగతి కూడా తెలుసుకోండి. డెవలపర్ అకౌంట్‌కి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్ అయితే యాప్ పబ్లిష్ చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడపాలి. పైగా కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు అప్‌డేట్ ఇవ్వకుండా వదిలేస్తే, కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి కొన్నాళ్లకి యాప్ స్టోర్‌లో కనిపించదు. అప్‌డేట్ ఇచ్చేవాళ్లు లేకపోతే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ యాప్ నయం. కొన్నిసార్లు బాగా సెట్ చేసిన గూగుల్ షీటే సరైన జవాబు. క్లయింట్ దాన్ని తనే నడుపుకోగలదు.

వెళ్లేముందు ఇవి అప్పజెప్పాలి: సంఘం పేరు మీద తెరిచిన జీమెయిల్, అన్ని అకౌంట్ల ఓనర్‌షిప్ దానికి, డేటాని ఒక్క బటన్‌తో ఎక్సెల్‌లోకి దించుకునే సౌకర్యం, తెలుగులో రెండు పేజీల గైడ్, యాప్ పనిచేయకపోతే తిరిగి రిజిస్టర్‌కి ఎలా వెళ్లాలో. జూనియర్ బ్యాచ్‌కి కోడ్ అప్పజెప్పి వాళ్లతో కనీసం ఒక చిన్న మార్పు చేయించండి. రీడ్‌మీ సరిగ్గా ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.

మరి మార్కులు?

గైడ్ "ఇందులో ఏఐ ఏది?" అని అడిగే ఛాన్స్ ఉంది. భయపడక్కర్లేదు. క్లయింట్ మీటింగుల నోట్స్ తేదీలతో, మారిన రిక్వైర్‌మెంట్స్ లిస్టు, ఎందుకు మారాయో కారణం, రిజిస్టర్‌తో పోల్చి దొరికిన తప్పులు, వాటిని సరిచేసిన కమిట్లు, ఇవన్నీ రిపోర్ట్‌లో పెట్టండి. కొన్న ప్రాజెక్ట్‌లో ఇవి ఉండవు. రేపు ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అంటే గుక్క తిప్పకుండా అరగంట మాట్లాడటానికి కూడా ఇవే పనికొస్తాయి.

వడ్ల సెంటరే కానక్కర్లేదు. ఎరువుల షాపు, పాల కేంద్రం, ఊరి స్కూలు, ఏదైనా ఒకటే కొలత. తర్వాతి సీజన్‌లో, టీంలో ఒక్కరు కూడా అక్కడ లేని రోజు, సెంటర్ అక్క మీకు ఫోన్ చెయ్యకుండానే యాప్ తెరిచి మొదటి కుప్ప ఎంట్రీ చేసుకోవాలి. అది జరిగితే మీ ప్రాజెక్ట్ పాసైనట్టు.