ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నిజమే. కానీ అడుగంటిందా లేదా అన్నది పైమెతుకు చెప్పదు కదమ్మా! ఇవాళ యూనివర్సిటీల్లో జరిగే సర్వేల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మనకెందుకా గొడవ అనకండి. మన పిల్లలు చదివేది అక్కడే.

మన అనంతపురంలో 1968లో పి.జి. సెంటరుగా మొదలైన చదువుల చోటు, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. మనది వాన మొహం చాటేసే సీమ. వేరుశనగ పంట పోతే ఇంటిల్లిపాదీ బెంగుళూరు పనులకు పోయే ఊళ్ళున్నాయి. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లా, టౌనులో పుట్టి పెరిగిన పిల్లా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరి అవసరాలూ ఒకటేనా?

లెక్కలైతే ఉన్నాయి. 2010–11 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఉన్నత విద్య సర్వే చేయిస్తోంది. ఆడపిల్లలెందరు, ఎస్సీ, ఎస్టీ, బీసీలెందరు, దివ్యాంగులెందరు అని కాలేజీలు వేరువేరుగా నింపి పంపుతాయి. 2021–22లో మొత్తం 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడవాళ్ళే. వినడానికెంత హాయిగా ఉంది! అయితే ఇదీ పైమెతుకే. ఇంజనీరింగు ఒక్కటే విడదీసి చూడండి, ఆడపిల్లలు మూడోవంతుకు లోపే. ఇలా విడదీసి చూడడంలోనే ఉంది అసలు పని అంతా.

ఇక రెండో రకం, పిల్లల అభిప్రాయం అడిగేది. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ సంస్థ 2017లో పెట్టిన సర్వేలో 21 ప్రశ్నలుండేవి. ఇరవై ప్రశ్నలకు టిక్కు పెడితే సరి, చివరిదానికి మాత్రం సొంతమాటల్లో రాయాలి. నన్నడిగితే ఆ చివరిదే ముందు చదవాలి.

మాకు తెలిసిన అమ్మాయి ఒకతె కళ్యాణదుర్గం వైపు పల్లెనుంచి ఒక కాలేజీకి వచ్చేది. పేరెందుకులెండి. ల్యాబు సాయంత్రం అయిదున్నరకు వదిలేవారు. అప్పటికి వాళ్ళ ఊరి బస్సు వెళ్ళిపోయేది. హాస్టల్లో సీటు లేదు. మూడు నెలలు అగచాట్లు పడి మానేసింది. ఆ తర్వాత కాలేజీలో అభిప్రాయాల ఫారాలు పంచారట. అందరూ "బాగుంది" అనే రాశారట. రాయరూ మరి? బాగుండనిది ఇంట్లో కూర్చుంది!

అందుకని చేరినప్పటి జాబితానూ పరీక్ష రాసినవాళ్ళ జాబితానూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఏ ఊళ్ళవాళ్ళు, ఏ వర్గంవాళ్ళు, ఏ కోర్సులో జారిపోతున్నారో అప్పుడు తెలుస్తుంది. మానేసినవాళ్ళకు ఒక ఫోను చేసి అడగాలి. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. క్లాసులో చూపులేని అబ్బాయి ఒక్కడే ఉంటే, ఫారంలో పేరు రాయకపోయినా అది ఎవరి జవాబో ఇట్టే తెలిసిపోతుంది. అలాంటప్పుడు నాలుగైదు క్లాసుల జవాబులు కలిపి చూడాలి. లేకపోతే భయంకొద్దీ ఎవరూ నిజం రాయరు. ఇంకొకటి, అడిగినందుకు ఏం మార్చారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. లేకుంటే మరుసటేడు ఫారం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారు.

మొన్న పెళ్ళిలో ఆ అమ్మాయి కనిపిస్తే, ఏం చేసుంటే చదువు సాగేదని నేనే అడిగాను.

"ఏముందత్తా, ల్యాబు పొద్దున పెట్టింటే చాలు" అంది.