సారథ్యము నేర్పుటకు ముందు

మన కృష్ణా గోదావరుల నడిమి సీమలో నేడు కారు లేని వీధి అరుదు. పురుషులతోపాటు స్త్రీలును లైసెన్సులు పొందుచున్నారు. అయినను, పొందిన లైసెన్సును బీరువాలో పట్టుచీరల నడుమ భద్రపరచి, ప్రయాణమునాడు పక్క సీటులోనే కూర్చుండువారు మా యెరుకలో ఎందరో కలరు. వారి పిరికితనమే యిందులకు కారణమని పలువురందురు. నేర్పిన తీరు కారణమని మా యభిప్రాయము. ఇది మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. ఒక కాలువ వంతెనపై తెలిసినది.

ఏడేండ్ల క్రిందట మేమొక డ్రైవింగు స్కూలులో చేరితిమి. దాని పేరుతో మనకు పనిలేదు. అట్టి స్కూళ్ల కార్లలో బోధకుని పాదముల వద్ద కూడ బ్రేకు, క్లచ్చి ఉండును. విద్యార్థి తడబడినచో ఆపుటకే యీ యేర్పాటు. మా బోధకుడు 21 దినములును ఆ రెండవ బ్రేకుపైనుండి కాలు తీయలేదు. బండి మెత్తగా సాగెను, మెత్తగా ఆగెను. మేమే నడుపుచున్నామనుకొంటిమి. బ్రేకు ఇనస్పెక్టరుగారి యెదుట పరీక్షయు గట్టెక్కినది.

పిమ్మట నొకనాడు మా వారు బడి పనిమీద పొరుగూరు వెళ్లియుండగా, మా పాపకు జ్వరము తగిలినది. వెనుక సీటులో పరుండబెట్టి డాక్టరుగారి యింటికి బయలుదేరితిమి. తాడేపల్లిగూడెములో కాలువ వంతెన యెక్కునపుడు ముందరి గడ్డి ట్రాక్టరు ఆగినది. మేమును ఆగితిమి. తిరిగి కదలబోగా ఇంజను ఆగి, బండి వెనుకకు జారసాగెను. కాలు బ్రేకును వెదకుటకు మారు క్లచ్చిని త్రొక్కినది. జారుడు మరింత హెచ్చినది. చేతి బ్రేకు ఒకటి యున్నదను మాటయే స్ఫురింపలేదు. వెనుక చక్రము కంకర కుప్పను తాకి నిలిచినది. ఆ కుప్పకు రెండు బారల దూరములో నిండు కాలువ!

ఆ పిమ్మట ఏడాది కాలము మేము తాళపుచెవి ముట్టలేదు. ఏలూరులోని మా తమ్ముడు ఊరకుండక, మమ్ము మరల మొదటినుండి కూర్చుండబెట్టి నేర్పినాడు. అతని కారులో రెండవ బ్రేకు లేదు. అందుచేత అతడు పాదముతోగాక నోటితో నేర్పవలసి వచ్చినది. అదియే మాకు మేలైనది. నాటినుండి ఆరేండ్లుగా బండి నడుపుచున్నాము. ఇప్పుడు చుట్టుపట్ల యిల్లాండ్రు, “ఆడవారెవరైనా నేర్పితే బాగుండును” అని మమ్మడుగుచుండగా, బోధకురాలి పనికి పూనుకొనదలచితిమి.

మొదట చట్టమేమనుచున్నదో చూచితిమి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము డ్రైవింగు స్కూలులో బోధించువారు 10వ తరగతి ప్యాసై, అయిదేండ్లు బండి నడపిన అనుభవము కలిగి, మోటారు మెకానిజములో ప్రభుత్వ సంస్థ గాని గుర్తింపు గల సంస్థ గాని యిచ్చిన యోగ్యతాపత్రము పొందియుండవలెను. విద్యార్థిచేత కనీసము 10 గంటలు రోడ్డుపై బండి నడిపింపవలెనని కూడ అందే యున్నది. కాని బోధకునకు వేరుగా డ్రైవింగు పరీక్ష యనునది అందు చెప్పబడలేదు.

ఇంగ్లండులో అట్లు కాదు. అచ్చట డ్రైవర్లకు పరీక్ష 1935లో వచ్చినది. బోధకుల పట్టీ 1964లో ఐచ్ఛికముగా మొదలై, 1970లో తప్పనిసరియైనది. బోధకుడు కాగోరువారికి మూడు పరీక్షలు: మొదటిది రోడ్డు నియమముల జ్ఞానము, రెండవది స్వయముగా నడపు నేర్పు, మూడవది నేర్పు నేర్పు. రెండవ పరీక్ష సుమారు గంట సాగును. ముందుగా 26.5 మీటర్ల దూరమునుండి వేరొక బండి నంబరు చదివి చూపవలెను. పిదప దారిలో చిన్న తప్పులు ఆరు మించినను, పెద్ద తప్పు ఒక్కటి దొరలినను పోయినట్లే. సామాన్య డ్రైవరుకు పదిహేను చిన్న తప్పులవరకు మన్నింపు కలదు, నేర్పువానికి ఆరే! ఈ లెక్క మాకు మిక్కిలి న్యాయముగా తోచినది. మనకు లేని పరీక్షను మనమే పెట్టుకొనిన నష్టమేమి? మా వారి స్కూలు నోటుబుక్కు ఒకటి తీసికొని, తమ్ముని పరీక్షకునిగా కూర్చుండబెట్టితిమి.

తాడేపల్లిగూడెము నుండి ఉంగుటూరు, భీమడోలు మీదుగా ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. మొదటి పర్యాయము తమ్ముడు పదునొకండు తప్పులు వ్రాసినాడు. ఆరేండ్ల అనుభవమునకు పదునొకండు! అందు సగము అద్దము చూడక పక్కకు మళ్లుట. తక్కినవి క్లచ్చిపై కాలు ఆన్చియుంచుట, ఎదుటి బండికి మరీ చేరువగా పోవుట, ఎద్దుబండిని దాటి వెంటనే ఎడమకు వచ్చివేయుట. అలవాటు తప్పును కప్పిపెట్టునే కాని దిద్దదని ఆనాడు తెలిసినది.

దిద్దుకొనుటకు మేము పట్టిన ఉపాయము మీకును చెప్పెదము. నడపుచున్నంతసేపు చూచినదియు చేయబోవునదియు పైకి పలుకవలెను: “అద్దము చూచితిని. వెనుక ఆటో యున్నది. ముందు బడిపిల్లలు. వేగము తగ్గించుచున్నాను. రెండవ గేరు.” ఇట్లు పలుకునపుడు చూడని అద్దమును చూచితినని చెప్ప నోరాడదు. తానేమి చేయుచున్నదో చెప్పలేనిది ఇతరులకేమి చెప్పగలదు? రెండవ పర్యాయము తప్పులు ఏడు, మూడవ పర్యాయము నాలుగు.

మరియొక సాధన ఎత్తుపై ఆగి కదలుట. మన నియమావళి సామాన్య పరీక్షలోనే దీనిని కోరుచున్నది. బండి వెనుకకు జారరాదు. మన డెల్టాలో కొండ లెక్కడివి? కాలువ వంతెనల యెక్కుళ్లే మనకు కొండలు. వేకువ జామున సందడి లేనివేళ మమ్ము భయపెట్టిన ఆ వంతెనకే పోయితిమి. చేతి బ్రేకు బిగించి, క్లచ్చిని మెల్లగా విడచుచు, బండి ముందుకు తన్నుకొనుట తెలిసినపిదప చేతి బ్రేకు వదలవలెను. ఇట్లు ముప్పదిసార్లు చేసితిమి. కంకర కుప్ప ఇప్పుడక్కడ లేదు. మా కన్నులకు మాత్రము ఉన్నట్లే యుండెను.

మూడవ పరీక్షకు, అనగా నేర్పుటకు, ఏలూరులో మా పుట్టింటి ఎదురింటి పిన్నిగారు దొరికిరి. వారి వయస్సు ఏబది దాటినది. బాబాయిగారికి చూపు మందగించి బండి మానివేసిరి. ఆయనను కంటి ఆసుపత్రికి తానే తీసికొనిపోవలెనని పిన్నిగారి పట్టుదల. ఎల్.ఎల్.ఆర్. తీసికొని, ముందు వెనుకల తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరము కట్టుకొనిరి. ఆ కాగితము ఆరు నెలలు చెల్లును. 30 దినములు గడచినగాని పరీక్షకు పోరాదు. లైసెన్సు గలవారు పక్కన ఉండవలెను గనుక మేము కూర్చుంటిమి.

మూడు వారములు బాగుగనే సాగెను. ఒకనాడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనమునకని బయలుదేరి, కొల్లేటి ప్రాంతమున పెద్ద రోడ్డు వదలి చేపల చెరువుల గట్టుదారి పట్టించితిమి. ఇరుప్రక్కల నీరు; ఒక్క బండికే చోటు. ఎదురుగా చేపల లారీ వచ్చినది. పిన్నిగారు బండి ఆపి, చక్రము వదలి రెండు చేతులు పైకెత్తిరి. “అమ్మాయీ, నావల్ల కాదు, నువ్వు పట్టుకో!”

మా చేయి చేతి బ్రేకు బిగించినది. తలుపు తీసి స్థానములు మార్చుకొందమని నాలుక చివరకు వచ్చినది. అట్లు చేసినచో ఆమె లైసెన్సును బీరువాలోకి పంపినవారము మేమే యగుదుము. “బండి ఆగినది, పిన్నిగారూ. ఆపినవారు మీరే. ఊపిరి పీల్చుకొనండి. వెనుక గట్టు వెడల్పైన చోటు అద్దములో కనబడుచున్నదా?” అంటిమి. కొంతసేపటికి “కనబడుతోంది” అనిరి. రివర్సు గేరు, సగము క్లచ్చి, జానెడు జానెడుగా బండి వెనుకకు నడచినది. మేము మాటలు మాత్రమే అందించితిమి. లారీ దాటిపోవుచు, దాని డ్రైవరు చేయెత్తి పలుకరించెను. పిన్నిగారు కన్నీరు తుడుచుకొనుచు నవ్విరి.

ఆ రాత్రి నోటుబుక్కులో మా పేర ఒక పెద్ద తప్పు వ్రాసికొంటిమి. మూడు వారముల విద్యార్థినిని అట్టి గట్టుపైకి తీసికొనిపోవుట మా తొందరపాటు. దారి యెన్నుకొనుట బోధకుని మొదటి బాధ్యత. ఇంగ్లండు లెక్కలో మేమా దినము తప్పినట్లే. అయినను మాకు విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. కౌరవసేనను జూచి రథము దిగి పరుగిడిన ఉత్తరకుమారుని బృహన్నల పట్టి తెచ్చి, నీవు పనికిరావని యింటికి పంపలేదు. పగ్గములు అతని చేతికే యిచ్చి సారథిని గావించెను. భయపడినవానిచేతనే రథము నడిపించుట గురువు నేర్పు.

పిన్నిగారు పరీక్షలో నెగ్గిరి. బాబాయిగారిని ఆసుపత్రికి తానే తీసికొనిపోవుచున్నారు. మాకింకను మెకానిజము యోగ్యతాపత్రము మిగిలియున్నది. “ఈ వయసులో మళ్లీ బడికా?” అని నవ్వుచునే మా వారు దరఖాస్తు తెచ్చియిచ్చిరి.

సోదరీమణులారా! మీలో అయిదేండ్లు బండి నడపినవారు ఒక ఆదివారము నోటుబుక్కు పట్టుకొని మిమ్ము మీరు పరీక్షించుకొనుడు. తప్పులు ఆరుకు దిగిననాడు, మీ యెదురింటి బీరువాలో నిద్రించు లైసెన్సును మేలుకొల్పుడు. పక్కన కూర్చున్నప్పుడు కాలు ముడుచుకొని, మాటను సిద్ధముగా నుంచుకొనుడు.