వెలిగిన గీజరు మంట వెంటనే ఎందుకు ఆరిపోతుంది?

జనవరి తెల్లవారుజాము. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఒక ఇల్లు. నల్లా తిప్పగానే గ్యాస్ గీజరు టకటకమంటుంది, మంట భగ్గున లేస్తుంది, నాలుగు సెకన్లలో ఆరిపోతుంది. నల్లా బంద్ చేసి మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. బకెట్ నిండేసరికి సగం చన్నీళ్లే. బడికి వెళ్లాల్సిన పిల్లలు వణుకుతూ నిలబడి ఉంటారు.

గీజరు పాడైందని తీర్మానించే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. చాలాసార్లు మంట తనంతట తాను ఆరదు. గీజరే గ్యాసు ఆపేస్తుంది. ఎందుకు ఆపిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

ఈ గీజరుకు నీళ్ల పారుదలే స్విచ్చు. నీళ్లు తగినంత జోరుగా వస్తే లోపలి రబ్బరు పొర కదులుతుంది, రెండు పెద్ద సెల్లుల కరెంటుతో నిప్పురవ్వ పుడుతుంది, గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కాపలా బాధ్యత మంటలో ఉండే ఒక సన్నని కడ్డీది. మండే వాయువులో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి. వాటి గుండా ఆంపియరులో పది లక్షలవ వంతు లెక్కన కొలిచేంత చిన్న కరెంటు పారుతుంది. అది అందుతున్నంతసేపే మంట ఉందని గీజరు నమ్ముతుంది. కడ్డీకి మసి పట్టిందా, మన కళ్లెదుట మంట మండుతున్నా దాని లెక్కలో మంట లేదు. వాల్వు మూసేస్తుంది.

మంట ప్రతిసారీ బాగానే లేచి కొద్ది సెకన్లకే పోతుంటే ముందుగా సెల్లులు మార్చండి, రెండూ ఒకేసారి. నీరసించిన సెల్లు రవ్వ పుట్టించగలదు కానీ వాల్వును తెరిచి పట్టుకోలేదు. అప్పటికీ తీరు మారకపోతే మెకానిక్‌ను పిలిచి కడ్డీ శుభ్రం చేయించండి. గ్యాసు కట్టేసి, సెల్లులు తీసి, చల్లారాక సన్నని గరుకు కాగితంతో రుద్దడమే, పెద్ద ఖర్చు కాదు.

వంటింట్లో ఎవరో నల్లా తిప్పగానే ఇక్కడ మంట ఆరితే తప్పు నీళ్లది. ట్యాంకులో నీళ్లు పది మీటర్ల ఎత్తున ఉంటేనే ఒక బార్ ఒత్తిడి. ట్యాంకు స్లాబు మీదే ఉండి, గీజరుకు రెండు మీటర్లే పైన ఉంటే అందులో ఐదో వంతు మాత్రమే వస్తుంది. కొన్ని గీజర్లకు అది చాలదు. నీళ్లు లోపలికి వచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది, అందులో ఇసుక చేరిందేమో చూడాలి. నల్లగొండ ప్రాంతపు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ గీజరు గొట్టాన్ని పూడ్చేది అది కాదు, బోరు నీళ్ల సున్నం.

ఇక గ్యాసు బండ. నిమిషానికి 6 లీటర్ల గీజరు నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే గంటకు కిలో దగ్గర గ్యాసు తాగుతుంది. స్టవ్ మీది ఒక్క బర్నరు కంటే ఇది ఎన్నో రెట్లు. బండలోని ద్రవం ఆవిరవ్వడానికి కావలసిన వేడిని తన ఒంటి నుంచే లాక్కుంటుంది. అందుకే బండకు చెమట పడుతుంది. 14.2 కిలోల బండ అడుగంటాక, అదీ చలి పొద్దున, ఒత్తిడి పడిపోయి మంట సన్నబడుతుంది. పొయ్యి మాత్రం మామూలుగానే వెలుగుతుంది కాబట్టి బండ మీదికి అనుమానం పోదు. బండ మీద వేడినీళ్లు పోయడం, పడుకోబెట్టడం మాత్రం వద్దు. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది.

పదిహేను, ఇరవై నిమిషాలు చక్కగా మండి ఆరితే? చాలా మోడళ్లలో 20 నిమిషాలకు ఆపే టైమరు ఉంటుంది, అది సరే. కానీ గీజరు బాత్రూంలోనే ఉండి, చలి గాలి రాకుండా వెంటిలేటరుకు అట్టముక్క పెట్టి ఉంటే ఆ మంటను మళ్లీ వెలిగించకండి. తలుపు తీసి బయటికి రండి. మంటకు ప్రాణవాయువు చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. వంటగ్యాసు కారితే ముక్కు పట్టేస్తుంది, ఎందుకంటే దానిలో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. కానీ కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ పోవడం, ఇవే దాని గుర్తులు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరిగినా, గీజరు పైన మసి కనిపించినా మెకానిక్ వచ్చేదాకా వాడకూడదు.

వెలగడం లేదని పదేపదే ప్రయత్నించడమూ మంచిది కాదు. మండని గ్యాసు గాలి కంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్చు ముట్టకుండా, బండ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

బాత్రూం లోపల గ్యాస్ గీజరు బిగించడానికి నేను ఎవరి ఇంట్లోనూ ఒప్పుకోను. గోడకు అవతల, గాలి ఆడే వసారాలో బిగించి, వేడినీళ్ల గొట్టం ఒక్కటే లోపలికి తెచ్చుకోవాలి. అదనంగా అయ్యేది కొన్ని అడుగుల గొట్టం, గోడకు ఒక రంధ్రం.