విండో మూసినా మిగిలే వివరాలు

చందాపుర చుట్టుపక్కల బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాడల్లో పనిచేసే తెలుగువారిలో పలువురు దరఖాస్తులు నింపడానికి, ఆధార్ పత్రం తీసుకోవడానికి సైబర్ కేంద్రాలకు వెళుతుంటారు. పని ముగిశాక విండో మూసివేస్తే వివరాలన్నీ చెరిగిపోతాయని భావించడం పొరపాటు.

వెబ్‌సైట్లు బ్రౌజరులో సమాచారాన్ని ప్రధానంగా మూడు విధాలుగా దాచుకుంటాయి. మొదటిది కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటల్లీ రూపొందించిన ఈ చిన్న చీటీలో సుమారు 4 కిలోబైట్ల సమాచారమే పడుతుంది. లాగిన్ అయిన వ్యక్తిని వెబ్‌సైటు సాధారణంగా దీనితోనే గుర్తిస్తుంది. రెండవది సెషన్ స్టోరేజీ. ట్యాబు మూయగానే ఇది పోతుంది. మూడవది లోకల్ స్టోరేజీ. పేజీలోని జావాస్క్రిప్టు ఇందులో సుమారు 5 మెగాబైట్ల వరకు నిలువచేయగలదు. దీనికి గడువు లేదు. కంప్యూటరు ఆపివేసినా, తొలగించేవరకు ఉంటుంది.

సగం నింపిన దరఖాస్తు మరునాడు అదే కంప్యూటరులో తిరిగి కనిపించడానికి ఇటువంటి నిలువే కారణం కావచ్చు. అయితే తరువాత అదే కుర్చీలో కూర్చున్నవారికీ అది కనిపించవచ్చు.

అందువల్ల ఉమ్మడి కంప్యూటరులో ప్రైవేటు విండోనే వాడాలి. క్రోమ్‌లో దీనిని ఇన్‌కాగ్నిటో అంటారు. పని కాగానే లాగౌట్ చేసి, అటువంటి విండోలన్నిటినీ మూయాలి. సాధారణ విండో వాడినట్లయితే, నిర్వాహకునికి చెప్పి, సెట్టింగులలో కుకీలను, సైటు సమాచారాన్ని తొలగించాలి.

డౌన్‌లోడ్ చేసిన పత్రాలు వీటితోపాటు పోవు. ఉమ్మడి కంప్యూటరులో దించుకున్న ఇ-ఆధార్ ప్రతులను శాశ్వతంగా తొలగించాలని ఆధార్ ప్రాధికార సంస్థ కూడా సూచించింది. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేశాకే కుర్చీ విడవడం క్షేమం.