ఫోను “వద్దు” అన్నా వినేవారు ఉండాలి



ఓపీలో ఈమధ్య కొందరు మమ్మల్ని ఇలా అడుగుతున్నారు: “షుగర్ ఉందని మీరు చెప్పి రెండు రోజులు కాలేదు, ఫోనులో షుగర్ మందుల ప్రకటనలు వస్తున్నాయి. మా రిపోర్టు ఎవరికిచ్చారండీ?” షుగర్ సంగతి సరే. టి.బి., హెచ్.ఐ.వి., సంతానలేమి విషయంలో ఇటువంటి అనుమానం వస్తే మనిషి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు. అందుకే ఈ సంచికలో దీనిని వివరిస్తున్నాము.

మీ రిపోర్టు మేము ఎవరికీ ఇవ్వము. ఎక్కువగా జరిగేది వేరు. ఇంటికి వెళ్ళాక జబ్బు పేరు ఫోనులో వెతుకుతాము. తెరిచిన పేజీతోపాటు స్క్రిప్టులు, అనగా చిన్న ఆదేశాల వరుసలు, వచ్చి మన బ్రౌజరులోనే నడుస్తాయి. వాటిలో కొన్ని ప్రకటనల సంస్థలవి. అవి ఫోనుకు కుకీ అనే గుర్తు పెట్టి, మనం ఏమేమి చదివామో గమనిస్తాయి.

“నన్ను గమనించవద్దు” అని బ్రౌజరు చేత చెప్పించవచ్చు. పేజీలోని స్క్రిప్టు ఒక్క వరుసలో “ఈయన వద్దన్నారా?” అని బ్రౌజరును అడిగి తెలుసుకోగలదు. అవునంటే ఆ ప్రకటనల స్క్రిప్టులను పేజీ పిలవకుండా ఉండాలి.

చిక్కు ఇక్కడే ఉంది. కేసు షీటు మీద ఎర్ర సిరాతో “పెన్సిలిన్ పడదు” అని రాస్తాము. ఇంజెక్షన్ వేసే సిస్టరు అది చూసి ఆగితేనే రోగికి రక్షణ. డూ నాట్ ట్రాక్ అనే మొదటి సూచన గతి అంతే అయింది. 2011లో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది, చాలా సైట్లు లెక్కచేయలేదు. పైగా దానిని ఆన్ చేసినవారు కొద్దిమందే కనుక, అదే మనిషిని పోల్చుకునే ఆనవాలు కావచ్చని 2019లో ఆపిల్ సఫారీ నుండి తీసివేసింది. రక్షణకు రాసిన చీటీయే చాటింపు అయ్యిందన్నమాట! 2025లో ఫైర్‌ఫాక్స్ కూడా తీసివేసింది.

దాని స్థానంలో 2020లో గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ వచ్చింది. దీనికి కాలిఫోర్నియాలో చట్టం తోడుంది. ఈ సూచనను పట్టించుకోలేదన్న ఆరోపణపై సెఫోరా అనే సౌందర్య సాధనాల సంస్థ 2022లో 12 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టంలో ఈ సూచన ప్రస్తావన లేదు.

అయినా ఆన్ చేసి ఉంచుకోండి, ఖర్చేమీ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మనమే పెట్టుకోవాలి. బ్రేవ్, డక్‌డక్‌గో బ్రౌజర్లలో ముందే ఆన్‌లో ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో చూస్తే చాలు కదా అని పిల్లలు చెబుతారు. ఇంట్లో అందరూ వాడే ఫోనయితే అదీ మంచిదే, చూసిన పేజీల జాబితా మిగలదు. కానీ మీరు ఆ పేజీ తెరిచిన సంగతి ఆ పేజీవారికి తెలుస్తూనే ఉంటుంది.