గీటురాయి ఎవరి చేతిలో?

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుగాంచిన పట్టణం. నగ చేయించదలచిన వర్తకుడు బంగారాన్ని తూచి, నేర్పరియైన స్వర్ణకారునికి అప్పగిస్తాడు. నగ తిరిగి వచ్చిన తరువాత మళ్ళీ తూచి, గీటురాయిపై గీసి చూసుకొంటాడు. అతడు పనిని బయటికి ఇస్తాడు గాని, పరీక్షించే నేర్పును ఇవ్వడు. సమాచార సాంకేతిక రంగంలో అవుట్‌సోర్సింగ్ అని వ్యవహరించే పద్ధతికీ ఈ నీతి వర్తిస్తుంది.

ఒక సంస్థ తన కంప్యూటరు పనులను రెండు విధాలుగా జరుపుకోవచ్చు. సొంత ఉద్యోగులను నియమించుకోవడం మొదటిది. నిర్ణీత ప్రతిఫలానికి మరొక సంస్థకు ఒప్పగించడం రెండవది. మొదటి పద్ధతిలో సంస్థ స్వరూప స్వభావాలు ఎరిగినవారు ఎల్లప్పుడూ అందుబాటులో ఉంటారు. అయితే పని ఉన్నా లేకున్నా జీతాలు చెల్లించాలి. రెండవ పద్ధతిలో అవసరమైనంత మేరకే వ్యయమవుతుంది. అరుదైన నైపుణ్యమూ లభిస్తుంది. కాని ఒప్పందం ముగిసిననాడు పని తెలిసినవారు కూడా వెళ్ళిపోతారు.

హైదరాబాదు నగరం ఈ రెండు మార్గాలనూ చూసింది. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ విదేశీ సంస్థల పనులను ఒప్పందంపై చేసిపెడుతూ ఎదిగింది. 1998లో మైక్రోసాఫ్ట్ ఇదే నగరంలో తన సొంత అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. పని దూరదేశంలో జరిగినా, చేసేవారు తనవారే కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. 2009 జనవరి 7న సత్యం అధ్యక్షుడు లెక్కలు తారుమారు చేసినట్లు అంగీకరించగా, ఉద్యోగులతో పాటు ఆ సంస్థను నమ్ముకొన్న ఖాతాదారులు కూడా కలవరపడ్డారు. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని చేజిక్కించుకొన్నది. పనిని పరులకు అప్పగించినవారు వారి కష్టసుఖాలలోనూ భాగస్వాములు కాక తప్పదు.

అమెరికాలోని జె.పి. మోర్గాన్ ఛేజ్ బ్యాంకు 2002లో తన కంప్యూటరు వ్యవస్థలలో అధికభాగం నిర్వహణను ఏడేండ్లకు ఐబీఎంకు అప్పగించింది. ఆ ఒప్పందం విలువ 500 కోట్ల డాలర్లకు పైమాటే. 2004లో బ్యాంక్ వన్‌తో విలీనమైన పిదప, దానిని గడువుకు ముందే రద్దు చేసి, సుమారు 4,000 మంది సిబ్బందిని తిరిగి తనలో చేర్చుకొన్నది. సాంకేతిక వ్యవస్థను స్వయంగా నిర్వహించుకోవడమే మేలని ఆ బ్యాంకు భావించింది.

కనుక అప్పుడప్పుడు వచ్చే పనులనూ, ఎవరు చేసినా ఒకే తీరుగా జరిగే పనులనూ బయటికి ఇవ్వవచ్చు. సంస్థకు ప్రాణప్రదమైన వాటిని ఇంటనే ఉంచుకోవాలి. బయటి పనిని సరిచూడగల నిపుణులు కొందరైనా లోపల ఉండి తీరాలి.

చదువు ముగించి హైదరాబాదుకో, బెంగుళూరుకో తరలివెళ్ళే మన సీమ యువతకు కూడా ఈ ఎంపిక ఎదురవుతుంది. స్థిరమైన ఉద్యోగం భద్రతనిస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం పలుచోట్ల పనిచేసిన అనుభవాన్నివ్వగలదు, కాని గడువు తీరితే మళ్ళీ వెదుకులాట తప్పదు. జీతం ఎంత అని అడిగిన నోటితోనే, ఈ పనివల్ల నాకు అబ్బే విద్య ఏది అని కూడా అడగాలి. ఒప్పందాలు ముగుస్తాయి, అబ్బిన విద్య వెంట వస్తుంది.